జంట హాస్యంలో రెండోవాడు
(పద్మనాభం స్మృతిలో మైలవరంలో చేసిన స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)



బసవరాజు వెంకట పద్మనాభరావు 1931 ఆగస్టు 20న మన పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు. ఈ రెండు తేదీల మధ్య ఆయన తెలుగువారికి పద్మనాభంగా దగ్గరయ్యారు.  ఒక హాస్యనటుడి స్మృతిలో ఆయన ఒక్కడి గొప్పతనమే చెప్పి ముగించడం సులువు. కానీ పద్మనాభం నట జీవితాన్ని మొదటి నుంచి చూస్తే ఆయన తెరమీద ఒంటరిగా కనిపించే సందర్భాలు తక్కువ. ఎప్పుడూ ఎవరో ఒకరి పక్కన ఉంటారు. గురువు పక్కన శిష్యుడిగా, హీరో పక్కన స్నేహితుడిగా, నటి గీతాంజలి పక్కన ప్రియుడిగా. అందుకే ఈరోజు హాస్యంలో ఇద్దరి గురించి మాట్లాడదలచుకున్నాను. జంటగా నవ్వించిన మనుషుల మధ్య ఉండే స్నేహం గురించి, ఆ స్నేహంలోని బిగువు గురించి, ఆ బిగువును భరించిన ప్రేమ గురించి.

నేను చెప్పదలచిన విషయం ఒక్కటే. జంట హాస్యంలో నవ్వు ఇద్దరిదీ అయినా అది ఎప్పుడూ ఒకరి ఖాతాలోనే పడుతుంది. రెండోవాడు దాన్ని తయారుచేసి, అవతలివాడి చేతిలో పెట్టి, పక్కకు జరుగుతాడు. జంటలో ప్రేమ అంటే ఆ జరగడమే. జంటలో పుండు కూడా అదే. ఏళ్ల తరబడి నవ్వును ఇంకొకరికి అప్పగిస్తూ బతికిన మనిషి లోపల ఏమవుతాడన్నది మన విమర్శ పట్టించుకోలేదు. హాస్యనటుల గురించి మనం రాసుకున్నదంతా ఒక్కొక్కరి గురించే. జంటను జంటగా చూసిన వ్యాసాలు అరుదు.

మగ్గం ఆపి ఈ సభకు వచ్చిన వేపరాల నేతగాళ్లకు నేను కొత్తగా చెప్పవలసిందేమీ లేదు. పడుగు వదులుగా ఉంటే నాడె నడవదు. మరీ బిగిస్తే పోగు తెగుతుంది. చీర ఆ రెంటి మధ్య పుడుతుంది. జంట హాస్యం కూడా అలాంటి బిగువు మీదే నడుస్తుంది. ఇద్దరూ పూర్తిగా కలిసిపోయిన చోట నవ్వు రాదు, ఇద్దరూ పూర్తిగా విడిపోయిన చోటా రాదు.

ఈ కళ మనకు సినిమాతో రాలేదు. మన రాయలసీమ పల్లెల్లో తోలుబొమ్మలాట చూసిన తరం వాళ్లు ఈ సభలో ఇంకా ఉన్నారు. రామాయణ కథ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగుతుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికొస్తారు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఊళ్లో జరిగిన సంగతులు లాగుతారు, మధ్యలో కేతిగాడు దూరి జగడం పెంచుతాడు. రాముడి బొమ్మ, రావణుడి బొమ్మ ఎంతో పెద్దవి, రంగురంగులవి. ఈ బొమ్మలు చిన్నవి, మోటువి. కానీ ఆట పూర్తయ్యాక జనం నోళ్లలో మిగిలేది వీళ్లే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ కళను నిలబెట్టుకుంటూ వచ్చిన కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ కుటుంబాల ఆట చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తెర ముందు ఒకరినొకరు చీల్చుకుంటున్న రెండు బొమ్మలకు తెర వెనుక గొంతులిస్తున్నది ఒకే ఇంటివాళ్లు. భార్యాభర్తలు కావచ్చు, అన్నదమ్ములు కావచ్చు. తెరమీద తగవు ఎంత ముదిరితే తెర వెనుక ఒకరి ఊపిరిని ఒకరు అంతగా కనిపెట్టి ఉండాలి. ఒకరి మాట ఎక్కడ తెగుతుందో రెండోవాళ్లకు తెలియకపోతే తిట్టు తిట్టుగానే మిగిలిపోతుంది, నవ్వు కాదు.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామకు మాధవి ఉంది. సత్యభామ గర్వాన్ని గుచ్చేది మాధవే, ఆమె విరహాన్ని కృష్ణుడి దాకా మోసేదీ మాధవే. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా వంతలు నిలబడతారు. ఒకరు రాజకీయం చెబితే ఇంకొకరు హాస్యం చెబుతారు. షేక్ నాజర్ లాంటి మహాకథకుడు రౌద్రంగా కథను ఎత్తుకున్నప్పుడు, ఆ రౌద్రం సభికులకు మోయలేనంత కాకుండా చూసేది హాస్య వంత. అతడు ప్రశ్న అడగకపోతే కథకుడికి జవాబు చెప్పే అవకాశమే లేదు. ఈ కళారూపాలన్నీ పక్కన నిలబడే మనిషిని కథకు అవసరమైన అంగంగా చూశాయి. అతడిని అలంకారంగా చూడటం తర్వాతి కాలపు అలవాటు.

సినిమాలోకి ఈ సంప్రదాయం వచ్చి చేరిన దారిలో మన ప్రాంతం వాళ్ల చేతులు చాలా ఉన్నాయి. కడప జిల్లాలో పుట్టిన బి.ఎన్.రెడ్డి, నాగిరెడ్డి సోదరులు మద్రాసులో వాహినీ, విజయా సంస్థలకు ప్రాణం పోశారు. తాడిపత్రి నుంచి వెళ్లిన కె.వి.రెడ్డి వాళ్లకు దర్శకుడయ్యారు. 1949 నాటి గుణసుందరి కథలో పెద్దల్లుళ్లు హరమతి, కాలమతి జంటగా వస్తారు. వల్లభజోస్యుల శివరాం, రేలంగి ఆ పాత్రలు వేశారు. కె.వి.రెడ్డి అప్పుడే ఇద్దరు మూర్ఖులను ఒకే తాళంలో కదిలించే పద్ధతి పట్టుకున్నారు. 1951లో పాతాళభైరవి వచ్చింది. నేపాళ మాంత్రికుడిగా ఎస్.వి.రంగారావు, అతడి శిష్యుడు సదాజపుడిగా మన సింహాద్రిపురం పద్మనాభం. అప్పటికి పద్మనాభానికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ గుహ దృశ్యాలను ఇంకోసారి చూడండి. రంగారావు గారిది భారీ విగ్రహం, భారీ గొంతు. పద్మనాభం సన్నగా, పొట్టిగా, చేతులు ముడుచుకొని పక్కనుంటారు. మాంత్రికుడు భయంకరుడని మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. శిష్యుడు వణికే తీరులో అది తెలుస్తుంది. ఆ వణుకులోనే నవ్వు కూడా ఉంది. తన శరీరాన్ని చిన్నది చేసుకొని ఎదుటివాడిని పెద్దవాడిని చేయడం అనే విద్యను పద్మనాభం అక్కడే చూపించారు. పాతాళభైరవి గురించి ఎంత రాసినా రంగారావు, హీరో రామారావుల దగ్గరే ఆగిపోతాం. సదాజపుడు లేని మాంత్రికుణ్ణి ఊహించుకొని చూస్తే ఆ శిష్యుడు మోసిన బరువు అర్థమవుతుంది.

1957లో మాయాబజార్. శర్మగా అల్లు రామలింగయ్య, శాస్త్రిగా వంగర వెంకటసుబ్బయ్య. దుర్యోధనుడి ఆస్థానం నుంచి పెళ్లివారి తరఫున వచ్చిన ఇద్దరు పండితులు. ఒకరు అభిప్రాయం మొదలుపెడితే రెండోవారు దాన్ని పూర్తిచేస్తారు. ఒకరు నడిస్తే ఒకరు నడుస్తారు. విడిది ఇంట్లో వస్తువులు తిరగబడ్డప్పుడు ఇద్దరూ ఒకే పద్ధతిలో పడతారు. ఇక్కడ ఎవరు పైచేయి, ఎవరు కిందచేయి అన్న ప్రశ్నే లేదు. ఇద్దరూ సమానంగా మూర్ఖులు, సమానంగా గర్విష్ఠులు. జంట హాస్యంలో ఇది ఒక అరుదైన రకం. తగవు లేని జంట. దాన్ని నిలబెట్టడం చాలా కష్టం. ఎందుకంటే ఇద్దరిలో ఎవరు కొంచెం ముందుకు తూలినా బొమ్మ చెడుతుంది. వంగరా, అల్లూ ఒక్క ఫ్రేములోనూ అలా తూలలేదు. అదే చిత్రంలో రేలంగి లక్ష్మణకుమారుడు, రమణారెడ్డి చిన్నమయ. ఒకే కథలో ఇన్ని హాస్యపాత్రలను ఒకరినొకరు తొక్కుకోకుండా అమర్చడం కె.వి.రెడ్డి చేసిన గొప్ప పని.

విజయా సంస్థ పేరెత్తినప్పుడు తెరవెనుక జంటను కూడా తలవాలి. టైటిల్స్‌లో నాగిరెడ్డి–చక్రపాణి అని కలిపే వేసేవారు. కడప జిల్లా రెడ్డి, తెనాలి రచయిత. ఒకరిది వ్యవహారదక్షత, ఇంకొకరిది కథ మీద పట్టు, మాట మీద మరింత పట్టు. 1947 జులైలో వాళ్లే చందమామ ప్రారంభించారు. 1955లో మిస్సమ్మ, 1962లో గుండమ్మ కథ తీశారు. తెలుగు సినిమా హాస్యానికి ఈ రోజుకీ కొలబద్దగా నిలిచిన ఆ చిత్రాల వెనుక, సమానత్వం గురించి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వని ఒక సమానత్వం ఉంది. పేర్ల మధ్య ఒక చిన్న గీత.

ఇక రేలంగి, రమణారెడ్డి.

రేలంగి వెంకట్రామయ్య 1910లో తూర్పుగోదావరి జిల్లాలో పుట్టారు. తిక్కవరపు వెంకట రమణారెడ్డి 1921లో నెల్లూరు జిల్లాలో పుట్టారు. రేలంగిది గుండ్రని ముఖం, నిండైన ఒళ్లు, అమాయకంగా తెరిచిన కళ్లు. రమణారెడ్డిది ఎముకలు లెక్కపెట్టగలిగినంత సన్నని శరీరం, పొడవైన చేతులు, కొసలు తేలిన నెల్లూరు యాస. రేలంగి 1935 నుంచే సినిమాల్లో ఉండి ఏళ్లపాటు గుర్తింపు కోసం ఎదురుచూసినవారు. రమణారెడ్డి నెల్లూరులో శానిటరీ ఇన్స్పెక్టరుగా పనిచేసి, 1950ల మొదట్లో సినిమాల్లోకి వచ్చినవారు. ఇద్దరి మధ్యా పదకొండేళ్ల వయసు తేడా, అంతకు మించిన అనుభవం తేడా. ఇద్దరూ ఒక ఫ్రేములో నిలబడితే దర్శకుడు ఏమీ చెప్పకముందే ప్రేక్షకుడి పెదవి కదిలేది.

ఆ ఇద్దరిలో నవ్వు ఎవరిది? ఒక్కో సినిమాలో ఒక్కో విధంగా. మిస్సమ్మలో డేవిడ్‌గా రమణారెడ్డి అప్పు ఇచ్చి పీడించేవాడు, దేవయ్యగా రేలంగి లోకం తెలిసిన బతకనేర్చినవాడు. చాలా చిత్రాల్లో రేలంగి మోసపోయేవాడు, రమణారెడ్డి మోసగించేవాడు. మోసగించేవాడు తెలివి చూపాలి, మోసపోయేవాడు ఆ తెలివికి దారి ఇవ్వాలి. రమణారెడ్డి ఏదో కుట్ర చెబుతున్నప్పుడు రేలంగి ముఖాన్ని గమనించండి. మాట ఆయనది కాదు. కానీ ఆ మాట విని నమ్మే క్షణం ఆయనది. నమ్మకం కళ్లలోంచి మొదలై, బుగ్గలమీదికి పాకి, నోరు సగం తెరుచుకునే దాకా ఆయన తొందరపడరు. రమణారెడ్డి ఆ కాసేపు ఆగుతారు. తర్వాతి మాటను గొంతులోనే పట్టుకుంటారు. నవ్వు పుట్టింది ఆ నిలుపుదలలో. ఇద్దరు గొప్ప నటులు ఒకరి సమయాన్ని ఒకరు గౌరవించడం అంటే ఇదే.

రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు హాస్యనటుల్లో ఆ గౌరవం ఆయనకే ముందు దక్కింది. రమణారెడ్డి ఇంద్రజాలం నేర్చి ప్రదర్శనలిచ్చారు, ఆ ప్రదర్శనల్లో చాలా సహాయ కార్యక్రమాల కోసం చేసినవే. ఇంద్రజాలికుడు కావాలనుకోవడం నాకు చాలా అర్థవంతంగా కనిపిస్తుంది. ఆ వేదిక మీద పక్కన ఇంకెవరూ అక్కరలేదు. ఆశ్చర్యమంతా ఒక్కడిదే. జంటలో జీవితకాలం సగం నవ్వుతో సరిపెట్టుకున్న కళాకారుడికి అలాంటి ఒంటరి వేదిక ఒకటి కావాలనిపించడంలో తప్పేముంది? 1974 నవంబరులో రమణారెడ్డి పోయారు. 1975 నవంబరులో రేలంగి పోయారు. ఒక్క ఏడాది తేడాతో తెలుగు తెర ఆ జంటను పూర్తిగా కోల్పోయింది.

ఇప్పుడు కొంచెం దూరం వెళదాం. జంటలోని బిగువు డబ్బు రూపంలో, పేరు రూపంలో కళ్లముందు కనిపించే కథలు అమెరికాలో వివరంగా నమోదై ఉన్నాయి. మన వాళ్ల కథలను అర్థం చేసుకోవడానికి అవి పనికొస్తాయి.

ఆలివర్ హార్డీ లావాటివాడు, స్టాన్ లారెల్ బక్కపలచటివాడు. 1927 నుంచి జంటగా నిలదొక్కుకొని నూరుకు పైగా చిత్రాలు చేశారు. హాస్య సన్నివేశాలను అల్లడం, కూర్పు దగ్గర కూర్చోవడం లారెల్ పని. అందుకు ఆయనకు జీతం ఎక్కువ, దాదాపు రెట్టింపు. హార్డీ దాన్ని తప్పుగా ఎంచలేదు. లారెల్ చేసే పని తనకన్నా ఎక్కువని ఒప్పుకున్నాడు. ఇద్దరి స్నేహం యవ్వనంలో కంటే వయసు మళ్లాక, ఇంగ్లండు నాటకశాలల్లో కలిసి తిరుగుతున్న రోజుల్లో గాఢమయింది. 1957 ఆగస్టులో హార్డీ చనిపోయాడు. లారెల్ ఆరోగ్యం బాగాలేక అంత్యక్రియలకు వెళ్లలేకపోయాడు. తర్వాత ఇక నటించనన్నాడు, 1965లో తాను చనిపోయేదాకా నటించలేదు. కానీ ఇద్దరి కోసం సన్నివేశాలు రాస్తూనే ఉన్నాడు.

బడ్ ఆబట్, లూ కాస్టెల్లోల కథ ఇంత ప్రశాంతమైంది కాదు. ఆబట్ సూటిగా మాట్లాడి సన్నివేశాన్ని నడిపేవాడు. కాస్టెల్లో నవ్వించేవాడు. అమెరికా రంగస్థలంలో ఒకప్పుడు నడిపేవాడికే ఎక్కువ విలువ. నవ్వించేవాళ్లు దొరుకుతారు, నడిపేవాడు దొరకడని నిర్వాహకులకు తెలుసు. అందుకని మొదట్లో ఆదాయంలో 60 శాతం ఆబట్‌ది, 40 శాతం కాస్టెల్లోది. హాలీవుడ్‌లో పేరొచ్చాక కాస్టెల్లో ఈ లెక్కను తిరగేయించాడు. తన పేరు ముందు పెట్టాలని కూడా అడిగాడు, స్టూడియో ఒప్పుకోలేదు. 1943 నవంబరు 4న కాస్టెల్లో కొడుకు, ఇంకా ఏడాది కూడా నిండని పసివాడు, ఇంటి ఈతకొలనులో మునిగి చనిపోయాడు. ఆ రాత్రే రేడియో కార్యక్రమం ఉంది. కాస్టెల్లో వెళ్లి నవ్వించాడు. కార్యక్రమం ముగిశాక జరిగింది ఏమిటో శ్రోతలకు చెప్పింది ఆబట్. రెండేళ్లకు, 1945లో, ఒక పనిమనిషి విషయంలో ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఆ కాలంలో తీసిన రెండు సినిమాల్లో ఇద్దరూ జంటగా కనిపించడమే అరుదు. మళ్లీ కలిసింది ఎలాగంటే, పిల్లల కోసం తలపెట్టిన ఒక కేంద్రానికి ఆ చనిపోయిన పసివాడి పేరు పెట్టాలని ఆబట్ సూచించాడు. కాస్టెల్లో మనసు అక్కడ కరిగింది. 1957లో ఇద్దరూ పూర్తిగా విడిపోయారు. 1959లో కాస్టెల్లో చనిపోయాడు.

ఈ కథలో నాకు ముఖ్యమైంది 60, 40ల లెక్క. నవ్వును అప్పగించేవాడికి ఒకప్పుడు డబ్బు రూపంలో పరిహారం ఉండేది. ప్రేక్షకుల చప్పట్లు అవతలివాడివి, 60 శాతం ఇతడిది. సినిమా వచ్చి ముఖాన్ని దగ్గరగా చూపించడం మొదలుపెట్టాక ఆ పరిహారం పోయింది. నవ్వించే ముఖానికే అన్నీ దక్కడం మొదలయింది. ఆబట్, కాస్టెల్లోల జగడం వాళ్లిద్దరి స్వభావాల్లోంచి మాత్రమే పుట్టలేదు. పనిలో పుట్టిన అన్యాయం ఇంటిదాకా నడిచి వచ్చింది.

మళ్లీ మన దగ్గరికి వస్తే, నా తరువాతి తరం గుండెల్లో ఉన్న జంట కోట శ్రీనివాసరావు, బాబూమోహన్. కోట 1942 జులై 10న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. స్టేట్ బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, 1978లో ప్రాణం ఖరీదుతో సినిమాల్లోకి వచ్చారు. బాబూమోహన్ ఖమ్మం జిల్లా నుంచి వచ్చారు, రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. ప్రభుత్వ కాగితాల మధ్య జీతం తీసుకున్న ఇద్దరు మనుషులు నడివయసు రోజుల్లో తెరమీద కలిశారు. 1991లో మామగారు వచ్చాక ఆ జంట లేకుండా వినోదచిత్రం తీయడం కష్టమనే పరిస్థితి వచ్చింది. తమిళంలో గౌండమణి, సెంథిల్‌ల జంట వెలుగుతున్న కాలం కూడా అదే.

కోటకు జంట హాస్యం కొత్త కాదు. 1987లో జంధ్యాల అహ నా పెళ్లంటలో ఆయన పిసినారి లక్ష్మీపతి. కోడిని తాడుకు వేలాడదీసి దాన్ని చూస్తూ అన్నం తినే మనిషి. అతడి దగ్గర పనిచేసే అరగుండుగా బ్రహ్మానందం. ఆ పాత్రతోనే బ్రహ్మానందం అనే నటుడు తెలుగు ప్రజలకు పరిచయమయ్యాడు. కోట తన పిసినారితనాన్ని ఎంత కఠినంగా, ఎంత సీరియస్‌గా నడిపారో, అరగుండు బాధ అంతగా నవ్వయింది. తాను నవ్వకుండా ఇంకొకరిని నవ్వుకు కేంద్రం చేసే విద్య ఆయనకు బాగా తెలుసు.

బాబూమోహన్‌తో ఆ విద్యకు తన్ను తోడయింది. వాళ్ల దృశ్యాల్లో కోట తన్నడం, బాబూమోహన్ ఎగిరి పడటం ఆనవాయితీ అయిపోయింది. ఈ తన్ను గురించి మనం సీరియస్‌గా మాట్లాడుకోవాలి. నాటకరంగంలో పనిచేసినవాళ్లకు తెలుసు, వేదిక మీద దెబ్బ కొట్టడం కంటే తినడం కష్టం. కొట్టేవాడి కాలు తగలకముందే తినేవాడి ఒళ్లు కదలాలి. ముందుగా కదిలితే అబద్ధం తెలిసిపోతుంది. ఆలస్యమైతే నిజంగా తగులుతుంది. ఆ క్షణం ఎప్పుడో కొట్టేవాడు కంటితోనో, భుజం కదలికతోనో సైగ చేయాలి. ఆ సైగను తినేవాడు నమ్మాలి. ప్రేక్షకులకు అది అవమానంలా కనిపిస్తుంది. చేసేవాళ్లిద్దరి మధ్య అది పూర్తి విశ్వాసం. వీపు చూపించి నిలబడి, వెనకనుంచి వచ్చే కాలును నమ్మడం చిన్న విషయం కాదు.

అయినా, ఇంతటితో ఆగిపోతే మనం నిజాయితీగా మాట్లాడినట్లు కాదు. తన్నేది ఎప్పుడూ ఒకరే, తినేది ఎప్పుడూ ఒకరే అయినప్పుడు తెర బయట కూడా జనం ఆ లెక్కనే మోసుకెళతారు. బజారులో కనిపించిన నటుడితో ఆ చనువే చూపిస్తారు. నవ్వులో ఎవరు ఎవరి కింద ఉండాలన్న సమాజపు అలవాటు కూడా కలిసి ఉంటుంది. 1990ల హాస్యం మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఇదే. రేలంగి, రమణారెడ్డి ఒక చిత్రంలో మోసపోతే ఇంకో చిత్రంలో మోసం చేసేవారు. పాత్రలు మారేవి. తొంభైలలో నిర్మాతలు తన్నును ఒక ముద్రగా స్థిరపరిచారు. ఇద్దరు గొప్ప నటులను ఒక్క చేష్టకు కట్టేశారు. ఆ ఇరుకులో కూడా బాబూమోహన్ ముఖం ఎన్ని రకాలుగా మాట్లాడిందో, కోట గొంతు ఎన్ని యాసల్లోకి వెళ్లిందో గుర్తుచేసుకుంటే వాళ్ల ప్రతిభ ఎంతటిదో తెలుస్తుంది.

రాజకీయాల్లోకి ఇద్దరూ వెళ్లారు. 1999 ఎన్నికల్లో కోట భారతీయ జనతా పార్టీ తరఫున విజయవాడ తూర్పు నుంచి, బాబూమోహన్ తెలుగుదేశం తరఫున మెదక్ జిల్లా ఆందోలు నుంచి గెలిచారు. బాబూమోహన్ మంత్రి కూడా అయ్యారు. తెరమీద తన్నులు తిన్న మనిషి మంత్రి, తన్నిన మనిషి మిత్రపక్షం శాసనసభ్యుడు. పార్టీలు వేరైనా 2004 దాకా ఇద్దరూ ఒకే సభలో కూర్చున్నారు. స్నేహం చెడలేదు.

వాళ్లిద్దరినీ విధి ఒకే చోట కొట్టింది. 2003లో బాబూమోహన్ కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. 2010లో కోట కొడుకు కూడా రోడ్డు ప్రమాదంలోనే చనిపోయాడు. లోకాన్ని పదిహేనేళ్లు జంటగా నవ్వించిన ఇద్దరు తండ్రులు ఒకే రకమైన దుఃఖాన్ని ఏడేళ్ల తేడాతో మోశారు. దీని మీద వ్యాఖ్యానం చేసే హక్కు నాకు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఒకరి బాధ ఇంకొకరికి వివరించి చెప్పనక్కరలేని స్థితి ప్రపంచంలో చాలా తక్కువ స్నేహాలకు ఉంటుంది. 2025 జులై 13న కోట హైదరాబాదులో చనిపోయినప్పుడు బాబూమోహన్ కంటతడి పెట్టుకున్నారు. ఆయనను నవ్వుల్లో మాత్రమే చూసిన ఎంతోమంది ఆ ముఖాన్ని చూసి కదిలిపోయారు. కోటకు 2015లో పద్మశ్రీ వచ్చింది. ఖలనాయకుడిగా, తండ్రిగా, రాజకీయనాయకుడిగా ఎన్నో పాత్రలు చేసిన నటుడికి అది న్యాయమే. కానీ ఆ జంటను జంటగా సత్కరించిన ప్రభుత్వ గౌరవం ఏదీ నాకు తెలిసి లేదు.

ఇప్పుడు పద్మనాభం దగ్గరికి తిరిగి వస్తాను. ఆయనకు రేలంగికి రమణారెడ్డిలా, కోటకు బాబూమోహన్‌లా ఒక స్థిరమైన జంట లేదు. బహుశా అందుకే ఆయనను ఈ చర్చలో మరిచిపోతారు. నా అభిప్రాయం వేరు. పద్మనాభం అందరికీ జంట. ఎవరి పక్కన నిలబడినా ఆ మనిషికి కావలసిన కొలతకు తనను తాను కుదించుకోగల నటుడు. మిత్రుడు వల్లం నరసింహారావుతో కలిసి నాటక సంస్థ నడిపారు. రేఖా అండ్ మురళి అనే సంస్థ పేరు మీద 1965లో దేవత, 1966లో పొట్టి ప్లీడరు, 1967లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న నిర్మించారు. ఆ మూడో చిత్రంలో సంగీత దర్శకుడు కోదండపాణి తీసుకొచ్చిన ఒక కుర్రవాడికి పాట పాడే అవకాశం ఇచ్చారు. ఆ కుర్రవాడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. నిర్మాతగా ఆయన చేతిలో ఉన్నది పెద్ద సంస్థ కాదు, చిన్న డబ్బు, చిన్న ధైర్యం. అయినా తన చిత్రంలో తన పక్కన ఇంకొకరిని వెలగనివ్వడం ఆయనకు కష్టమనిపించలేదు. పాతాళభైరవి గుహలో, ఇరవై ఏళ్ల వయసు నిండకముందే నేర్చుకున్న విద్య అది.

ఆయన ఆత్మకథ రాసుకున్నారు. డబ్బు పోగొట్టుకున్న రోజులు, మనుషులు మారిన రోజులు ఆయన జీవితంలో తక్కువేమీ కాదు. హాస్యనటుడి జీవితం విషాదంలో ముగియాలన్న కథనం మనకు బాగా అలవాటు, నేను దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పను. ఆయన పనిని చూడాలనే నా కోరిక.

ఆ పనిని చూసే తీరును మార్చుకునేందుకు ఈ సభలోని నాటక సంఘాల వారిని, పరిషత్తుల నిర్వాహకులను ఒక కోరిక కోరుతున్నాను. మన ప్రభుత్వ నంది నాటకోత్సవాల నుంచి ఊరి పరిషత్తుల దాకా అన్నిచోట్లా ఉత్తమ హాస్యనటుడు అని ఒక బహుమతి ఉంటుంది. అది ఎప్పుడూ ఒక్కరికే ఇస్తారు. చాలాసార్లు ఆ ఒక్కరికి నవ్వును అందించిన రెండోవాడు అదే వేదిక వెనుక ముఖానికి రంగు తుడుచుకుంటూ ఆ ప్రకటన వింటాడు. ఇకమీదట పోటీల్లో హాస్యజంటకు ఒక బహుమతి పెట్టండి. ప్రశంసాపత్రం ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వండి, నగదును సమానంగా పంచండి. నిర్ణేతలు నవ్వు ఎవరికి వచ్చిందో మాత్రమే కాకుండా, ఎవరు ఆగారో, ఎవరు దారి ఇచ్చారో కూడా రాయమనండి. నాటకం మీద వచ్చే మన సమీక్షల్లోనూ ఆ రెండో పేరు రావాలి. ప్రొద్దుటూరులోనో, జమ్మలమడుగులోనో ఒక్క పోటీతో ఇది మొదలైనా చాలు. సింహాద్రిపురం నుంచి బయలుదేరిన పద్మనాభం పేరు ఆ బహుమతికి పెడితే నేను వ్యక్తిగతంగా ఎంతో సంతోషిస్తాను.